క్రీడాచార్యుడు బ్రాంకో జెబెట్స్

విద్యను సాధించటం ఒక ఎత్తు. సాధించిన విద్యను ఇతరులకు అందించటం మరొక ఎత్తు. ఈ రెండు శక్తులూ ఒకే వ్యక్తిలో సమపాళ్లలో కుదరటం అరుదు. గొప్ప గాయకులందరూ గొప్ప సంగీత గురువులు కాలేదు. గొప్ప ఆటగాళ్లందరూ గొప్ప శిక్షకులు కాలేదు. ఇక మూడవ విద్య ఒకటి ఉన్నది. అది ఆత్మనిగ్రహం. లోకాన్ని జయించిన వారిని సైతం తరచుగా ఓడించేది ఈ మూడవ విద్యయే. మొదటి రెండింటిలో శిఖరాలను అధిరోహించి, మూడవదాని ముందు తలవంచిన ఒక విశిష్ట వ్యక్తి జీవితం ఇది. అతడే ఇరవయ్యవ శతాబ్దపు ఐరోపా ఫుట్‌బాల్ చరిత్రలో ఆటగాడిగానూ, శిక్షకుడిగానూ ప్రసిద్ధి గాంచిన బ్రాంకో జెబెట్స్.

జననం - బాల్యం

బ్రాంకో జెబెట్స్ 1929 మే 17వ తేదీన జాగ్రెబ్ నగరంలో జన్మించాడు. ఈ నగరం నేడు క్రొయేషియా దేశానికి రాజధాని. జెబెట్స్ పుట్టేనాటికి మాత్రం క్రొయేషియా ప్రత్యేక దేశం కాదు. సెర్బులు, క్రోట్లు, స్లోవీన్లు మొదలైన దక్షిణ స్లావ్ జాతుల వారందరూ కలిసి ఏర్పరచుకొన్న ఒక రాజ్యంలో అది అంతర్భాగం. ఆ రాజ్యానికే 1929లో యుగోస్లావియా అనే పేరు వచ్చింది.

జెబెట్స్ బాల్యం ప్రశాంతంగా గడవలేదు. అతనికి పన్నెండేళ్లు నిండకముందే, 1941 ఏప్రిల్‌లో, జర్మనీ దాని మిత్రదేశాలు యుగోస్లావియాపై దండెత్తాయి. నాలుగేళ్ల పాటు ఆ నేల రక్తసిక్తమైంది. విదేశీ దురాక్రమణకు అంతర్యుద్ధం కూడా తోడైంది. 1945లో యుద్ధం ముగిసిన పిమ్మట జోసిప్ బ్రోజ్ టిటో నాయకత్వంలో ఆరు రిపబ్లిక్కుల సమాఖ్యగా యుగోస్లావియా మళ్లీ రూపుదిద్దుకొన్నది. పాత క్లబ్బులు అనేకం అంతరించాయి. వాటి స్థానంలో కొత్త క్లబ్బులు వెలిశాయి. దేశ రాజధాని బెల్‌గ్రేడ్‌లో సైన్యం పక్షాన ఏర్పడిన పార్టిజాన్, అదే నగరంలోని రెడ్ స్టార్, జాగ్రెబ్‌లోని డైనమో అటువంటివే.

యుద్ధం మిగిల్చిన శిథిలాల మధ్య యువతకు ఫుట్‌బాల్ గొప్ప ఊరట అయింది. ఖరీదైన సామగ్రి అవసరం లేని ఆట అది. ఒక బంతి, కొంచెం ఖాళీ స్థలం ఉంటే చాలు. జెబెట్స్ జాగ్రెబ్‌లోని చిన్న జట్లలో ఆడుతూ ఆటలోని మెలకువలు నేర్చుకొన్నాడు. 1951లో, తన ఇరవై రెండవ ఏట, స్వస్థలాన్ని విడిచి బెల్‌గ్రేడ్‌లోని పార్టిజాన్ జట్టులో చేరాడు. అదే సంవత్సరం జాతీయ జట్టులోనూ స్థానం సంపాదించాడు.

సర్వస్థాన సమర్థుడు

ఫుట్‌బాల్ జట్టులో పదకొండుమంది ఆటగాళ్లుంటారు. వారిలో ఒకరు గోల్‌కీపర్. మిగిలినవారు రక్షణ శ్రేణి, మధ్య శ్రేణి, దాడి శ్రేణి అని మూడు వరుసలుగా నిలుస్తారు. ఒక్కొక్క వరుసకు కావలసిన నేర్పు వేరు. ముందు వరుసలోని వానికి వేగం, చొరవ, గోల్ కొట్టే తెగువ ఉండాలి. రక్షకునికి నిబ్బరం, ప్రత్యర్థి ఆలోచనను ముందుగానే పసిగట్టే దూరదృష్టి కావాలి. సాధారణంగా ఒక ఆటగాడు ఏదో ఒక స్థానానికే అంకితమై జీవితమంతా అందులోనే రాణిస్తాడు.

జెబెట్స్ ఈ నియమానికి మినహాయింపు. అతడు మొదట ప్రసిద్ధి పొందింది దాడి శ్రేణిలో ఎడమ అంచున. మెరుపు వేగంతో దూసుకుపోయి, ప్రత్యర్థులు కళ్లు తెరిచేలోగా గోల్ చేయటం అతని ప్రత్యేకత. కాలం గడిచిన కొద్దీ అతడు మధ్య శ్రేణిలోనూ, రక్షణ శ్రేణిలోనూ అంతే సమర్థంగా ఆడాడు. జట్టుకు ఎక్కడ లోటు ఏర్పడితే అక్కడ జెబెట్స్ ఉండేవాడు. దాడి చేసేవాని మనస్సు, అడ్డుకొనేవాని మనస్సు రెండూ తెలిసిన ఈ అనుభవమే తరువాతి కాలంలో అతనిని శిక్షకుడిగా తీర్చిదిద్దిందని చెప్పవచ్చు.

హెల్సింకీ ఒలింపిక్స్

జెబెట్స్ పేరు ప్రపంచానికి తెలిసింది 1952లో ఫిన్లాండ్ దేశంలో జరిగిన హెల్సింకీ ఒలింపిక్ క్రీడల సందర్భంలో. అక్కడ యుగోస్లావియా తొలి ప్రత్యర్థి మన భారతదేశమే కావటం విశేషం.

అప్పటికి భారత ఫుట్‌బాల్ జట్టు మంచి ఊపు మీద ఉన్నది. 1951లో న్యూఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో స్వర్ణపతకం గెలుచుకొన్నది. దానికి శిక్షకుడు హైదరాబాదు నగరానికి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. నాయకుడు శైలేన్ మన్నా. మన ఆటగాళ్లలో చాలామందికి బూట్లు లేకుండా, వట్టి కాళ్లతో ఆడటం అలవాటు. మన నేలల మీద అది చెల్లింది. ఉత్తర ఐరోపాలోని చల్లని, తడి నేల మీద, బూట్లు తొడిగిన బలిష్ఠులైన ప్రత్యర్థుల ముందు చెల్లలేదు. 1952 జూలై 15న జరిగిన ఆ పోటీలో యుగోస్లావియా 10 గోల్స్ చేసింది. భారత్ చేసింది ఒక్కటే. ఆ ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ సాధించినది. యుగోస్లావియా చేసిన పదింటిలో నాలుగు గోల్స్ ఒక్క జెబెట్స్ చేసినవే.

ఆ పరాజయం మనకు కనువిప్పు కలిగించింది. తరువాత భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆటగాళ్లకు బూట్లను తప్పనిసరి చేసింది. రహీం తన శిక్షణా విధానాన్ని కాలానుగుణంగా మలచుకొన్నాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు సెమీఫైనల్ వరకు చేరి, అక్కడ మళ్లీ యుగోస్లావియానే ఎదుర్కొన్నది. ఈసారి మొదటి గోల్ భారత్‌దే. చివరకు 4-1 తేడాతో ఓడినా, నాలుగేళ్ల క్రిందటి అంతరం ఎంతగా తగ్గిందో లోకం చూసింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో రహీం శిష్యులు తిరిగి స్వర్ణం సాధించారు. ఓటమి నుండి పాఠం నేర్చుకొన్నవానికి ఓటమి కూడా గురువే అనటానికి ఇది నిదర్శనం.

హెల్సింకీ క్రీడల్లో యుగోస్లావియాకు అసలు పరీక్ష ఆ తరువాత ఎదురైంది. రెండవ ప్రత్యర్థి సోవియట్ యూనియన్. 1948లో టిటోకు, స్టాలిన్‌కు మధ్య విభేదాలు తలెత్తి, రెండు దేశాల సంబంధాలు పూర్తిగా చెడిపోయాయి. అందువలన ఆ పోటీ కేవలం ఆటగా మిగలలేదు. ఇరుపక్షాలకూ అది ప్రతిష్ఠా సమరం అయింది. టాంపెరే నగరంలో జరిగిన ఆ పోటీలో యుగోస్లావియా ఒక దశలో 5-1 ఆధిక్యంలో ఉన్నది. అందులో రెండు గోల్స్ జెబెట్స్ చేసినవి. విజయం చేతికందినట్లే అనుకొన్న సమయంలో సోవియట్ జట్టు అద్భుతంగా పుంజుకొని వరుసగా నాలుగు గోల్స్ చేసి 5-5తో సమం చేసింది. రెండు రోజుల తరువాత మళ్లీ ఆడవలసి వచ్చింది. ఈసారి యుగోస్లావియా 3-1తో నెగ్గింది. ఆ ఓటమిని సోవియట్ పాలకులు ఎంత తీవ్రంగా పరిగణించారంటే, ఆ దేశంలో అగ్రశ్రేణి జట్టయిన మాస్కో సైనిక జట్టును ఆ సంవత్సరమే రద్దు చేశారు.

తదుపరి డెన్మార్క్‌ను, జర్మనీని ఓడించి యుగోస్లావియా ఫైనల్ చేరింది. అక్కడ పుష్కాష్ వంటి మహామహులున్న హంగరీ జట్టు చేతిలో 0-2తో ఓడి రజతపతకంతో సంతృప్తి చెందింది. ఆ క్రీడల్లో మొత్తం 7 గోల్స్ చేసిన జెబెట్స్, తన సహచరుడు రైకో మిటిచ్‌తో సమానంగా అత్యధిక గోల్స్ సాధించిన ఆటగాడిగా నిలిచాడు.

కీర్తి శిఖరాలు

1953 అక్టోబరులో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తొంబై ఏళ్ల ఉత్సవాల సందర్భంగా లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఒక ప్రత్యేక పోటీ జరిగింది. ఇంగ్లండ్ జట్టుకు ఎదురుగా వివిధ దేశాల మేటి ఆటగాళ్లతో కూడిన జట్టును నిలిపారు. ఆ జట్టులో ఎడమ అంచున ఆడేందుకు ఎంపికైనవాడు జెబెట్స్. ఆ పోటీ 4-4తో సమంగా ముగిసింది. ఇంగ్లండ్ ఆఖరి నిమిషంలో లభించిన పెనాల్టీతో ఓటమి నుండి బయటపడింది. సమకాలీన ఆటగాళ్లలో జెబెట్స్ స్థానం ఎంతటిదో ఈ ఎంపికే తెలుపుతుంది.

1954లో స్విట్జర్లాండ్‌లో జరిగిన ప్రపంచకప్ పోటీల్లో బ్రెజిల్‌పై గోల్ చేసి జెబెట్స్ తన జట్టుకు 1-1తో సమస్థాయిని సంపాదించి పెట్టాడు. 1958లో స్వీడన్‌లో జరిగిన ప్రపంచకప్‌లో జాతీయ జట్టుకు నాయకత్వం వహించాడు. ఈ రెండుసార్లూ యుగోస్లావియా క్వార్టర్‌ఫైనల్‌లో పశ్చిమ జర్మనీ చేతిలోనే ఓడిపోయింది. తనను రెండుసార్లు అడ్డుకొన్న ఆ దేశమే తరువాతి కాలంలో తనకు కర్మభూమి కాగలదని జెబెట్స్ ఊహించి ఉండడు.

క్లబ్ స్థాయిలో పార్టిజాన్ జట్టు తరఫున 1952, 1954, 1957 సంవత్సరాల్లో యుగోస్లావ్ కప్పు విజయాల్లో పాలు పంచుకొన్నాడు. 1955లో ఐరోపా దేశాల విజేత జట్ల మధ్య యూరోపియన్ కప్పు అనే పోటీ ప్రారంభమైంది. ఆ పోటీల చరిత్రలో మొట్టమొదటి ఆట ఆడిన జట్లలో పార్టిజాన్ ఒకటి. ఆ సంవత్సరమే క్వార్టర్‌ఫైనల్‌లో స్పెయిన్‌కు చెందిన రియల్ మాడ్రిడ్ జట్టును ఎదుర్కొన్నది. ఈ పోటీల్లో ప్రతి జట్టూ తన నగరంలో ఒకసారి, ప్రత్యర్థి నగరంలో ఒకసారి ఆడాలి. రెండు ఆటల గోల్స్ కలిపి విజేతను నిర్ణయిస్తారు. మాడ్రిడ్‌లో 0-4తో ఓడిన పార్టిజాన్, బెల్‌గ్రేడ్‌లో మంచు కప్పిన మైదానంలో 3-0తో గెలిచింది. అయినా ఒక్క గోల్ తేడాతో అవకాశం చేజారిపోయింది.

1959లో జెబెట్స్ పార్టిజాన్‌ను వీడి దాని చిరకాల ప్రత్యర్థి అయిన రెడ్ స్టార్‌లో చేరాడు. 1960లో ఆ జట్టు లీగ్ విజేతగా నిలిచింది. 1951 నుండి 1961 వరకు జాతీయ జట్టు తరఫున మొత్తం 65 పోటీల్లో ఆడి 17 గోల్స్ చేశాడు. ఆ పిమ్మట పశ్చిమ జర్మనీకి తరలి వెళ్లి, ఆహెన్ నగరంలోని అలెమానియా జట్టులో 1965 వరకు ఆడాడు. ముప్పై ఆరేళ్ల వయస్సులో ఆటకు వీడ్కోలు పలికి శిక్షకుడి బాధ్యతను స్వీకరించాడు.

శిక్షకుడిగా తొలి విజయాలు

1965లో జెబెట్స్ తన జన్మస్థలమైన జాగ్రెబ్‌కు తిరిగి వచ్చి డైనమో జట్టు శిక్షణ బాధ్యత చేపట్టాడు. యువకులతో నిండిన ఆ జట్టును అతడు క్రమశిక్షణతో తీర్చిదిద్దాడు. 1966-67లో డైనమో జట్టు ఇంటర్ సిటీస్ ఫెయిర్స్ కప్పు అనే ఐరోపా పోటీలో బరిలోకి దిగింది. తొలి దశలో రెండు ఆటలూ కలిపి గోల్స్ సమం కాగా, నాణెం ఎగురవేయటంతో గట్టెక్కింది. తరువాత ఇటలీకి చెందిన జువెంటస్ వంటి జట్టును కూడా దాటి ముందుకు సాగింది. 1967 శరత్కాలంలో ఇంగ్లండ్‌కు చెందిన లీడ్స్ జట్టును ఓడించి కప్పు గెలుచుకొన్నది. ఫైనల్ నాటికి ఆ జట్టు శిక్షకుడు ఇవాన్ హోర్వాత్. జెబెట్స్ అప్పటికే పదవిని వదిలిపెట్టాడు. ఆ విధంగా తాను నాటి పెంచిన చెట్టు పండును మరొకరు కోసినా, ఆ చెట్టుకు పోసిన నీరు ఎవరిదో క్రీడాలోకం గుర్తించింది.

1968లో జెబెట్స్‌కు మ్యూనిక్ నగరంలోని బాయర్న్ జట్టు నుండి పిలుపు వచ్చింది. అంతకుముందు ఆ జట్టు శిక్షకుడు జ్లాట్కో చాయ్‌కోవ్‌స్కీ. అతడూ జాగ్రెబ్ వాడే. హెల్సింకీలో జెబెట్స్‌తో కలిసి ఆడినవాడే. అయినా ఇద్దరి స్వభావాలు భిన్నమైనవి. చాయ్‌కోవ్‌స్కీ సరదా మనిషి. దాడి చేసి గోల్స్ గుప్పించటమే ఆట అని నమ్మినవాడు. జెబెట్స్ మితభాషి. మొదట తన కోటను పటిష్ఠం చేసుకొని, ఆపైన శత్రువు కోటపై దండెత్తాలన్నది అతని సిద్ధాంతం.

బాయర్న్ జట్టులో అప్పటికే సెప్ మాయర్ అనే గోల్‌కీపర్, ఫ్రాంజ్ బెకెన్‌బావర్ అనే మేధావి, గెర్డ్ ముల్లర్ అనే గోల్స్ వీరుడు ఉన్నారు. ప్రతిభకు లోటు లేదు. అయినా అంతకుముందు సంవత్సరం ఆ జట్టు లీగులో ఐదవ స్థానానికే పరిమితమైంది. లోపించింది క్రమశిక్షణ, దేహదారుఢ్యం. జెబెట్స్ కఠినమైన వ్యాయామాలు ప్రవేశపెట్టాడు. కొంచెం స్థూలకాయుడైన ముల్లర్ చేత బరువు తగ్గించాడు. ఎవరు ఎక్కడ నిలవాలో, బంతి ఎదుటివారికి చిక్కినప్పుడు ఎవరు ఎటు పరుగెత్తాలో మళ్లీ మళ్లీ సాధన చేయించాడు.

ఫలితం అనతికాలంలోనే కనిపించింది. 1968-69లో బాయర్న్ జట్టు జర్మన్ లీగు విజేతగా నిలిచింది. 1932 తరువాత ఆ క్లబ్బుకు అదే జాతీయ స్థాయి లీగు విజయం. 34 పోటీల్లో ప్రత్యర్థులు దానిపై చేయగలిగినవి 31 గోల్స్ మాత్రమే. ముల్లర్ ఒక్కడే 30 గోల్స్ చేశాడు. అన్నింటికంటె ఆశ్చర్యకరమైన విషయం ఏమంటే, ఆ సంవత్సరమంతటా జెబెట్స్ కేవలం 13 మంది ఆటగాళ్లతోనే నెగ్గుకు వచ్చాడు. గాయాలు, అలసట సర్వసాధారణమైన ఈ ఆటలో అంత తక్కువమందితో సంవత్సరం గడపాలంటే వారి దేహాలు ఎంత దృఢంగా ఉండాలో ఊహించవచ్చు. లీగు ముగిసేసరికి బాయర్న్ కంటె 8 పాయింట్ల వెనుక, రెండవ స్థానంలో నిలిచినది అలెమానియా ఆహెన్. అంటే ఒకప్పుడు జెబెట్స్ ఆటగాడిగా సేవలందించిన జట్టే. కొద్ది రోజులకే షాల్కే జట్టును 2-1తో ఓడించి బాయర్న్ జర్మన్ కప్పును కూడా గెలుచుకొన్నది. బుందెస్‌లీగా ప్రారంభమైన తరువాత ఒకే సంవత్సరంలో లీగునూ కప్పునూ గెలిచిన మొదటి జట్టు అదే.

అయితే కఠిన శిక్షణకు మరొక ముఖం ఉన్నది. గెలుపు తెచ్చినంత కాలం కాఠిన్యాన్ని సహించే ఆటగాళ్లు, ఫలితం కొంచెం తగ్గగానే దానిని భారంగా భావిస్తారు. 1970 మార్చిలో బాయర్న్ యాజమాన్యం జెబెట్స్‌ను తొలగించి ఉడో లాటెక్‌ను నియమించింది. 1970వ దశకంలో ఐరోపాను ఏలిన బాయర్న్ సామ్రాజ్యానికి పునాది వేసినవారిలో జెబెట్స్ ఒకడని మాత్రం చరిత్ర అంగీకరించింది.

బ్రౌన్‌ష్వైగ్ నుండి హాంబర్గ్ వరకు

ఆ తరువాత జెబెట్స్ ష్టుట్‌గార్ట్ జట్టుకు, స్వదేశంలో స్ప్లిట్ నగరంలోని హైదుక్ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. 1974లో జర్మనీలోని ఐన్‌ట్రాహ్ట్ బ్రౌన్‌ష్వైగ్ జట్టులో చేరాడు. అది పెద్ద నగరం కాదు. ధనిక క్లబ్బు కూడా కాదు. అయినా 1976-77లో ఆ జట్టును లీగు విజేత బొరూసియా మెన్షెన్‌గ్లాడ్‌బాహ్‌కు కేవలం ఒక్క పాయింటు దూరంలో, మూడవ స్థానంలో నిలిపాడు. సామాన్యులతో అసామాన్య ఫలితాలు సాధించటం శిక్షకునికి నిజమైన గీటురాయి. ఆ గీటురాయి మీద జెబెట్స్ మేలిమి బంగారమని తేలింది.

1978లో హాంబర్గ్ క్లబ్బు అతనిని ఆహ్వానించింది. ఆ క్లబ్బు 1977-78లో పదవ స్థానంలో నిలిచి నిరాశలో ఉన్నది. ఇంగ్లండ్ నుండి భారీ మొత్తం వెచ్చించి తెచ్చుకొన్న కెవిన్ కీగన్ అనే మేటి ఆటగాడు కూడా మొదటి సంవత్సరం సహచరులతో కలవలేక ఇబ్బంది పడ్డాడు. జెబెట్స్ రాకతో శిక్షణా మైదానం పూర్తిగా మారిపోయింది. గంటల తరబడి పరుగులు, విసుగు విరామం లేని సాధన. ఆటగాళ్లు అతనికి భయపడ్డారు. అతనిని గౌరవించారు కూడా. కీగన్, మాన్‌ఫ్రెడ్ కాల్ట్‌జ్, ఫెలిక్స్ మాగత్, హోర్స్ట్ హ్రుబెష్ మొదలైనవారు ఒక్క తాటిపై నిలిచారు. 1979లో హాంబర్గ్ లీగు విజేత అయింది. ఆ క్లబ్బు చివరిసారి జర్మన్ విజేతగా నిలిచినది 1960లో. పంతొమ్మిదేళ్ల నిరీక్షణ అలా ఫలించింది. కీగన్‌కు 1978, 1979 సంవత్సరాల్లో ఐరోపా ఉత్తమ ఆటగాడి పురస్కారం లభించింది.

నీడలు కమ్మిన వెలుగు

ఇంతటి క్రమశిక్షణను ఇతరులకు నేర్పిన జెబెట్స్, తన జీవితంలో ఒక శత్రువును అదుపు చేయలేకపోయాడు. అది మద్యపానం. మన నీతిశాస్త్రాలు రాజులకు చెప్పిన సప్తవ్యసనాల్లో పానం ఒకటి. మృతసంజీవనీ విద్య తెలిసిన శుక్రాచార్యుడంతటివాడు మద్యం మత్తులో ప్రియశిష్యుడైన కచుని భస్మాన్నే సేవించి, తెలివి వచ్చిన తరువాత మద్యాన్ని నిషేధిస్తూ కట్టడి చేశాడని భారతం ఆదిపర్వం తెలుపుతున్నది. ఎంతటి విద్యావంతుడినైనా క్షణంలో అవివేకిని చేయగల శక్తి మద్యానిది. శుక్రునికి కలిగిన ఆ మెలకువ జెబెట్స్‌కు కలిగినా, దానిని నిలుపుకొనే బలం అతనికి చాలలేదు. ఆధునిక వైద్యశాస్త్రం దీనిని కేవలం దురలవాటుగా కాక, చికిత్స అవసరమైన వ్యాధిగా పరిగణిస్తున్నది. జెబెట్స్ జీవితాన్ని పరిశీలించినప్పుడు ఈ మాటలోని సత్యం బోధపడుతుంది.

1980 ఏప్రిల్ మాసం అతని జీవితంలోని వెలుగునూ, చీకటినీ పక్కపక్కన చూపించింది. ఆ నెలలో హాంబర్గ్ జట్టు యూరోపియన్ కప్పు సెమీఫైనల్‌లో రియల్ మాడ్రిడ్‌ను ఎదుర్కొన్నది. మాడ్రిడ్‌లో 0-2తో ఓడిపోయింది. ఇరవై నాలుగేళ్ల క్రిందట ఇదే ప్రత్యర్థిపై పార్టిజాన్ ఒక్క గోల్ తేడాతో చేజార్చుకొన్న అవకాశం వంటిదే మళ్లీ ఎదురైంది. ఈసారి జెబెట్స్ జట్టు తన మైదానంలో 5-1తో విజయం సాధించి ఫైనల్ చేరింది. హాంబర్గ్ చరిత్రలో నేటికీ అభిమానులు తలచుకొనే ఆటల్లో అది ఒకటి.

అదే నెలలో డోర్ట్‌మండ్ నగరంలో జరగవలసిన లీగు పోటీకి వెళ్తూ జెబెట్స్ మద్యం సేవించి కారు నడిపాడు. పోలీసులు ఆపి పరీక్షించగా, అతని రక్తంలో మద్యం చట్టం అనుమతించిన పరిమాణానికి ఎన్నో రెట్లు అధికంగా ఉన్నట్లు తేలింది. ఆ పోటీ జరుగుతున్నప్పుడు అతడు మైదానం పక్కన బల్ల మీద సోలిపోయి ఉండటం వేలాదిమంది చూశారు. అప్పటివరకు క్లబ్బు నాలుగు గోడల మధ్య ఉన్న రహస్యం బజారున పడింది. శిష్యులు మైదానంలో పరుగెడుతుండగా, వారికి పరుగెత్తటం నేర్పిన గురువు కన్ను తెరవలేని స్థితిలో ఉండటం కంటె విషాదం ఏముంటుంది?

1980 మే 28న మాడ్రిడ్‌లో జరిగిన యూరోపియన్ కప్పు ఫైనల్‌లో హాంబర్గ్ జట్టు ఇంగ్లండ్‌కు చెందిన నాటింగ్‌హాం ఫారెస్ట్ చేతిలో 0-1తో ఓడింది. లీగులో కూడా బాయర్న్ కంటె రెండు పాయింట్లు వెనుకబడి ద్వితీయ స్థానంతో సరిపెట్టుకొన్నది. ఆ ఏడు రెండు కిరీటాలూ చేతికందేంత దూరంలోనే నిలిచిపోయాయి. క్లబ్బు యాజమాన్యం కొంతకాలం ఓర్పు వహించింది. పరిస్థితి మారకపోవటంతో 1980 డిసెంబరులో జెబెట్స్‌ను పదవి నుండి తప్పించింది. అతని సహాయకుడు అలెక్సాండర్ రిస్టిచ్ ఆ సంవత్సరానికి బాధ్యత వహించాడు. 1981లో వచ్చిన ఆస్ట్రియా దేశీయుడు ఎర్న్స్ట్ హాపెల్ శిక్షణలో హాంబర్గ్ 1982, 1983లో లీగును, 1983లో యూరోపియన్ కప్పును గెలిచింది. ఆ జట్టులోని కాల్ట్‌జ్, మాగత్, హ్రుబెష్ వంటివారు జెబెట్స్ కొలిమిలో పదును తేలినవారే. డైనమో విషయంలో జరిగినదే ఇక్కడా జరిగింది. విత్తిన చేయి ఒకటి, కోసిన చేయి మరొకటి.

చివరి సంవత్సరాలు

ఇంత జరిగినా జెబెట్స్ విద్యకు విలువ తగ్గలేదు. 1981లో బొరూసియా డోర్ట్‌మండ్ జట్టు అతనికి అవకాశం ఇచ్చింది. ఒక్క సంవత్సరంలో ఆ జట్టును ఆరవ స్థానానికి చేర్చి, ఐరోపా పోటీల్లో పాల్గొనే అర్హత సంపాదించి పెట్టాడు. ఏ నగరంలో నలుగురిలో తలవంపులు పొందాడో ఆ నగరం జట్టుకే మేలు చేయటం విచిత్రమైన విధి విలాసం. 1982లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఐన్‌ట్రాహ్ట్ జట్టు బాధ్యత చేపట్టి 1983 వరకు కొనసాగాడు. అయితే వ్యసనం అతని వెంట నీడలా సాగింది. ఉద్యోగాలు స్వల్పకాలికమయ్యాయి. ఆరోగ్యం క్షీణించింది. 1984లో మరోసారి జాగ్రెబ్‌లోని డైనమో జట్టుకు కొద్దికాలం శిక్షణ ఇచ్చి, ఆ పైన క్రీడారంగానికి దూరమయ్యాడు.

1988 సెప్టెంబరు 26న జాగ్రెబ్ నగరంలో బ్రాంకో జెబెట్స్ తన యాభై తొమ్మిదవ ఏట కన్నుమూశాడు. అతడు పుట్టినది ఆ నగరమే. తుదిశ్వాస విడిచినదీ ఆ నగరమే. మూడేళ్లు గడవక ముందే, 1991లో, క్రొయేషియా స్వతంత్ర దేశంగా ప్రకటించుకొన్నది. జెబెట్స్ నాయకత్వం వహించిన జాతీయ జట్టు, అది ప్రాతినిధ్యం వహించిన దేశం రెండూ కాలగర్భంలో కలిసిపోయాయి.

ఉపసంహారం

జెబెట్స్ శిష్యుల్లో పలువురు తరువాత స్వయంగా శిక్షకులయ్యారు. బెకెన్‌బావర్ శిక్షణలో పశ్చిమ జర్మనీ 1990లో ప్రపంచకప్ గెలిచింది. మాగత్ శిక్షణలో బాయర్న్ 2005, 2006 సంవత్సరాల్లో వరుసగా లీగునూ కప్పునూ గెలిచింది. 2009లో వోల్ఫ్స్‌బుర్గ్ జట్టు తన చరిత్రలో మొదటిసారి లీగు విజేత అయింది. కఠినమైన దేహశిక్షణకు మాగత్ పేరు పొందినప్పుడు, పాతతరం అభిమానులకు గుర్తుకు వచ్చిన పేరు జెబెట్స్‌దే. గురువు గతించినా విద్య గతించదు. అది శిష్యుని నుండి శిష్యునికి ప్రవహిస్తూనే ఉంటుంది.

అయితే అతని జీవితం మరొక పాఠాన్ని కూడా బోధిస్తున్నది. పదమూడుమంది ఆటగాళ్లతో ఒక దేశపు లీగును జయించటానికి అవసరమైన నిగ్రహం జెబెట్స్ శిక్షణలో ఉన్నది. అతని దినచర్యలో లేదు. ఇతరుల బలహీనతలను కనిపెట్టి సరిదిద్దటంలో అతడు అసమానుడు. ఆటగాని కాలు ఎక్కడ తడబడుతున్నదో క్షణంలో పసిగట్టగలిగినవాడు, తన అడుగు తడబడుతున్నప్పుడు ఆగలేకపోయాడు. దీపం చుట్టూ వెలుగు, దీపం కింద చీకటి అన్నట్లుగా సాగింది అతని జీవితం. ఆ చీకటిని చూసి వెలుగును విస్మరించటం అన్యాయం. వెలుగును చూసి చీకటిని దాచిపెట్టటం అసత్యం. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే మనిషి సంపూర్ణంగా అర్థమవుతాడు.

హెల్సింకీలో ఒక భారతీయ శిక్షకుడు పది గోల్స్ ఓటమిని చూసి, తన లోపాన్ని గుర్తించి, సరిదిద్దుకొని పదేళ్లకు స్వర్ణం సాధించాడు. ఆ రోజున నాలుగు గోల్స్ చేసి గెలిచిన యువకుడు, ఆటలో ఎన్నో విజయాలు పొంది, జీవితంలో తన లోపాన్ని జయించలేకపోయాడు. గెలుపోటములు ఆట ముగియగానే తేలిపోయేవి కావు. లోపాన్ని గుర్తించిన తరువాత మనిషి ఏమి చేశాడన్నదాని మీదనే అవి ఆధారపడి ఉంటాయి. యువతరం జెబెట్స్ నుండి శ్రమనూ, పట్టుదలనూ, సాధననూ స్వీకరించాలి. అతని పతనం నుండి మెలకువను స్వీకరించాలి. వ్యసనం చుట్టుముట్టినప్పుడు సిగ్గుపడి దాచుకొనక, సకాలంలో ఆప్తుల సహాయాన్నీ, వైద్యుల సహాయాన్నీ కోరటం పిరికితనం కాదు. అదియే నిజమైన ధైర్యం.